ఏకాకి యాత్రకు పునరాగమనము: డెర్వ్లా మర్ఫీ గ్రంథముల పరిశీలనము

యాత్రాసాహిత్యమును విమర్శించునపుడు మనము తెలిసియో తెలియకయో ఒక తారతమ్యమును పాటించుచున్నాము. ఒంటరిగా వెడలినవాడు యాత్రికుడనియు, ఆలుబిడ్డలతో వెడలినవాడు విహారి యనియు ఆ తారతమ్యము. మొదటివాని గ్రంథమున అనుభూతిని వెదకుదుము. రెండవవాని గ్రంథమున సమాచారముతో తృప్తిపడుదుము. ఎం.ఏ. తరగతిలో యాత్రాచరిత్రలను బోధించునపుడు విద్యార్థులు వ్రాయు సమాధానములలో ఈ భావము స్థిరముగ కానవచ్చుచున్నది. ఏనుగుల వీరాస్వామయ్య వెంట సుమారు వందమంది పరివారముండుట ఆయన లోపమన్నట్లును, 'భ్రమణకాంక్ష' కర్తయైన ఆచార్య మాచవరపు ఆదినారాయణగారు కాలినడకన తిరుగుట ఆయన గుణమన్నట్లును వారు వ్రాయుదురు. పరివారమును లోపముగను, ఏకాంతమును గుణముగను నిర్ణయించునది గ్రంథపఠనమా, లేక పఠనమునకు పూర్వమే మనలో నెలకొనియున్న అభిప్రాయమా? ఈ ప్రశ్నయే ప్రస్తుత వ్యాసమునకు మూలము.

దీనికి సమాధానము వేర్వేరు రచయితలను పోల్చి రాబట్టుట కష్టము. యాత్రికుడు మారినపుడు యాత్రాపద్ధతితోపాటు స్వభావము, కాలము, విద్య, ధనము అన్నియు మారును. అందు పద్ధతి వలన కలిగిన భేదమెంత, వ్యక్తి వలన కలిగిన భేదమెంత అని విడదీయుట అసాధ్యము. ఒకే లేఖిని మొదట ఏకాంతమున నడచి, పిమ్మట బిడ్డ చేయిపట్టుకొని నడచి, తుదకు మరల ఏకాంతమునకు మరలినచో, ఆ మూడు దశలలోను గ్రంథములు వెలువడినచో, పరీక్షకు తగిన సామగ్రి లభించును. ఐర్లండు దేశీయురాలైన డెర్వ్లా మర్ఫీ గ్రంథములందు అట్టి సామగ్రి పుష్కలముగ నున్నది. పరదేశపు రచయిత్రిని తెలుగుశాఖ పత్రికలో చర్చించుటకు ఇదియే మా సమాధానము. ఆమె తన బిడ్డతో చేసిన మొదటి దూరయాత్ర మన దక్షిణదేశమునకే యగుట మఱొక కారణము.

మర్ఫీ 1931 నవంబరు 28న వాటర్‌ఫర్డ్ మండలమందలి లిస్మోర్ పట్టణమున జన్మించెను. 2022 మే 22న మరణించెను. తండ్రి ఆ మండలపు గ్రంథాలయాధికారి. తల్లి కీళ్ళవాతముచే మంచము పట్టినది. పదియవ పుట్టినరోజునకు ఒక సైకిలును, ఒక భూపటముల పుస్తకమును కానుకగా వచ్చుటయు, వానిని చూచి భారతదేశమునకు సైకిలుపై పోవలెనని ఆ బాలిక నిశ్చయించుకొనుటయు ఆమె పాఠకులందఱు ఎఱిగిన కథ. ఎఱిగియు విమర్శకులు అంతగా పట్టించుకొనని కథ మఱొకటి కలదు. పదునాలుగవ యేట ఆమె చదువు మాని తల్లి పరిచర్యకై ఇంట నిలిచిపోయెను. నడుమ నడుమ కొలది వారములపాటు ఐరోపాలో సైకిలుయాత్రలు చేయుటకు మాత్రము సెలవు దొరకెడిది. 1961లో తండ్రియు, 1962లో తల్లియు గతించిరి. 1963 జనవరిలో ఆమె బయలుదేరెను. బాల్యమునాటి నిశ్చయమునకును ఈ ప్రయాణమునకును నడుమ ఇరువదియొక్క సంవత్సరములు గడచెను.

ఆ యాత్రాఫలమే 1965లో వెలువడిన 'ఫుల్ టిల్ట్'. పేరునకే పూర్ణవేగమని యర్థము. డాన్ క్విహోటే గుఱ్ఱము పేరు పెట్టుకొన్న సైకిలుపై ఆమె డన్‌కర్క్ రేవునుండి ఢిల్లీ వఱకు వచ్చెను. ఆ యేటి శీతకాలము ఐరోపాలో మిక్కిలి కఠినమైనది. మంచుదారిలో తోడేళ్ళు మీదపడగా జేబులోని చిన్న తుపాకిని పేల్చవలసి వచ్చెను. ఆఫ్ఘనిస్తానమున ఒక బస్సులో తుపాకి మడమ తగిలి పక్కటెముకలు విఱిగెను. ఇవన్నియు దినచర్యగా వ్రాసి, దారిలోని ఊళ్ళనుండి మిత్రులకు పంపినవి. తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు మజిలీ మజిలీనుండి వార్త వ్రాసిన వీరాస్వామయ్య పద్ధతియు ఇట్టిదే. ఇరువురి గ్రంథములందును ఎదుటనున్నది తెలిసిన మిత్రుడగుటచేత వాక్యమున బింకము లేదు.

ఈ మొదటి గ్రంథపు వేగమును లోకము సాహసమని మెచ్చుకొనెను. మాకది విడుదల యని తోచుచున్నది. సుమారు పదునాఱేండ్లు నాలుగు గోడలనడుమ మఱొకరి శరీరమునకు పరిచర్య చేసిన స్త్రీ, మొదటిసారి తన శరీరమును మాత్రమే మోసికొని పోవుచున్నది. అందువలననే ఆ గ్రంథమున ఎండ, మంచు, ఎత్తు, దూరము, ఆకలి, నొప్పి అన్నియు ఉల్లాసముగ చెప్పబడినవి. పక్కటెముకలు విఱుగుట సైతము ఒక చమత్కారమువలె నడచిపోవును. ఆతిథ్యమిచ్చిన ఆఫ్ఘనులయెడ, పాకిస్తానీయులయెడ ఆమెకు గాఢమైన గౌరవము కలదు. ఐనను వారు దారిప్రక్క చెట్లవలె వచ్చి పోవుదురు, దారియే ప్రధానము. ఈ పూర్వకథను ఆమె సమగ్రముగ చెప్పినది 1979లో ప్రకటించిన 'వీల్స్ వితిన్ వీల్స్' అను ఆత్మకథయందు. కావున 1965 నాటి పాఠకునికి 'ఫుల్ టిల్ట్' కేవల ఏకాంతగ్రంథముగ కనబడుట సహజము. ఆత్మకథ చదివినపిమ్మట ఆ పఠనము నిలువదు. ఆ ఏకాంతము కుటుంబమునకు అన్యమైనది కాదు. అప్పుడే ముగిసిన కుటుంబజీవితమునకు ఉత్తరభాగము.

1968 డిసెంబరులో ఆమెకు కుమార్తె జన్మించెను. వివాహము లేకుండ, ఆనాటి ఐర్లండులో, బిడ్డను తానొక్కతెయే పెంచుటకు ఆమె నిశ్చయించుకొనెను. సుమారు ఐదేండ్లు దూరయాత్రలు మాని, గ్రంథసమీక్షలు వ్రాయుచు ఇంటనుండెను. 1973 నవంబరులో తల్లీకూతుండ్రు బొంబాయిలో దిగిరి. దక్షిణముగ కన్యాకుమారి వఱకు తిరిగి, తుదకు కొడగు సీమలో కాపురముండిరి. 1976లో వెలువడిన 'ఆన్ ఎ షూస్ట్రింగ్ టు కూర్గ్' ఆ కథ.

కాపురము అను మాటను మేము బుద్ధిపూర్వకముగ వాడితిమి. పూర్వము కొన్ని మాసములలో ఖండములు దాటిన యాత్రికురాలు ఇచట ఒక ఊరిలో ఇల్లు చూచుకొని, పొయ్యి రాజవేసికొని, ఇరుగుపొరుగుతో మాటలాడుచు కాలము గడపెను. ప్రయాణవేగము బిడ్డ కాళ్ళను బట్టి, బిడ్డ నిద్రను బట్టి నడచెను. విద్యార్థి దీనిని వేగభంగమనును. కాని కొడవల ఇండ్ల కట్టడి, వారి పెండ్లి పేరంటములు, పెద్దల మర్యాదలు మొదలైన విషయములు గ్రంథమున అంత నిదానముగ చేరుటకు ఈ నిలుకడయే హేతువు. 'ఫుల్ టిల్ట్' వ్రాసిన లేఖిని ఒక గృహమును లోపలినుండి ఎన్నడును వర్ణింపలేదు. వర్ణించుటకు తగిన వ్యవధి దానికి లేకుండెను. సంసారముతో రైలెక్కినవానికి కిటికీ ప్రక్క చోటు దొరకదు, ప్రతి స్టేషనులోను సామానులు లెక్కించుటతోనే సరిపోవును అని మన ఇండ్లలో పరిహాసమాడుదుము. ఆ పరిహాసమున సత్యము లేకపోలేదు. అయితే సామానులు లెక్కించువాడు పెట్టెలోనివారినందఱిని చూచును. కిటికీ ప్రక్కనున్నవాడు పొలములను మాత్రమే చూచును.

తరువాతి శీతకాలమున, అనగా 1974-75లో, వారు బాల్టిస్తానమునకు పోయిరి. సింధునది కొండలను కోసికొని పాఱు ఆ సీమ చలికాలమున లోకమునకు దాదాపు మూసికొనిపోవును. బాలికకు ఆఱేండ్లు దారిలోనే నిండెను. ఆమెను, సామగ్రిని ఒక ముసలి పోలో గుఱ్ఱము మోసెను. ఎండిన జల్దరుపండ్లే అనేక దినములు ఆహారము. 1977లో అచ్చయిన 'వేర్ ది ఇండస్ ఈజ్ యంగ్' మర్ఫీ గ్రంథములలో మాకు మిక్కిలి ఇష్టమైనది. ఇందులోని శీతము 'ఫుల్ టిల్ట్'లోని శీతము కాదు. అందు చలి తన ఒంటికి తగిలినది. ఇందు మఱొకరి ఒంటికి తగులుచున్నది. రాత్రికి కట్టెలు దొరకునా, గుఱ్ఱమునకు మేత దొరకునా, రొట్టె దొరకునా అను చింతలు ప్రతిపుటయందు మరలమరల వచ్చును. ఇట్టి చింతలను పునరుక్తులని త్రోసివేయు పాఠకులున్నారు. మాకు ఆ పునరుక్తియే గ్రంథమునకు లయగా తోచుచున్నది. పేదసీమలో చలికాలము గడుపు ప్రతి గృహిణియు వేసికొను ప్రశ్నలవి. తన బిడ్డ నిమిత్తమై వానినే వేసికొనుటచేత యాత్రికురాలు ఆ గృహిణులతో సమానురాలయ్యెను. ఏకాకియై పోయినచో ఆమె వారి దారిద్ర్యమును చూచెడిది. దానిలోనికి ప్రవేశించెడిది కాదు.

ఆఱేండ్ల బిడ్డను అట్టి ప్రదేశమునకు తీసికొనిపోవుట న్యాయమా యని అడుగువారు కలరు. విమర్శకుడు న్యాయాధికారి కాడు. ఐనను ఆ ప్రశ్నను పరిహరించుట మాకిష్టము లేదు. బిడ్డను తీసికొనిపోయినందులకు తల్లిని నిందించువారు, బిడ్డను ఇంట విడిచి ఏండ్లకేండ్లు దేశాలు పట్టిన తండ్రులను మహాపురుషులని కీర్తించుట గమనింపదగినది.

1978లో పెరూ దేశమున కహమార్కానుండి కుజ్కో వఱకు సుమారు 1300 మైళ్ళు. 1533లో పిజారో సేన నడచిన మార్గమది. తల్లి, తొమ్మిదేండ్ల కూతురు, ఒక కంచరగాడిద. గ్రంథము పేరు 'ఎయిట్ ఫీట్ ఇన్ ది ఆండీస్' (1983). తల్లికి రెండు, బిడ్డకు రెండు, పశువునకు నాలుగు, వెరసి ఎనిమిది పాదములు. శీర్షికయందే 'నేను' లేదు. అంతకుముందు ఇథియోపియాలో ఒంటరిగా ఒక కంచరగాడిదతో నడచి 1968లో ప్రకటించిన గ్రంథమునకు 'ఇన్ ఇథియోపియా విత్ ఎ మ్యూల్' అని పేరుండెను. అచ్చట పశువు తోడు. ఇచ్చట పశువు కుటుంబములో ఒకటి. పాదములను సమముగ లెక్కించిన ఈ శీర్షికలో ఎంత వినయము, ఎంత హాస్యము కలదో విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇచట ఈ రచయిత్రి అభిప్రాయమొకటి గ్రాహ్యము. మాఱుమూల కొండపల్లెలో పరదేశి అకస్మాత్తుగ అడుగుపెట్టినపుడు ఊరివారికి బిడియమో భయమో కలుగును. వెంట బిడ్డయున్నచో ఆ బిడియము తొలగిపోవును. బిడ్డను తెచ్చినవాడు మనలను నమ్మి వచ్చినాడని ఊరు గ్రహించును. పిల్లలకు జాతిభేదములు పట్టవు గనుక వారే మొదట మాటకలుపుదురు. ఈ యంశమును కొంత ముందునకు నడిపి చూడవలెను. బిడ్డ పెరిగినపిమ్మట ఏమగును? 1983లో మడగాస్కరునకు పోయినపుడు కుమార్తెకు పదునాలుగేండ్లు. 1987లో కామెరూను దేశమున ఒక గుఱ్ఱముతో తిరిగినపుడు పదునెనిమిది. కామెరూనులో అనేకులు తల్లిని పురుషుడని భ్రమించి, ఆ యువతికి భర్త యని తలచిరి. 'కామెరూన్ విత్ ఎగ్బర్ట్' (1989) చదివినవారు ఈ ఘట్టములకు నవ్వుకొందురు. మాకు అందు నవ్వుతోపాటు ఒక సమాప్తియు కనబడుచున్నది. తల్లియు బిడ్డయు ఊరికి తెఱచిన తలుపు. ఇద్దఱు పెద్దలు మూసిన తలుపు. ఒకరికొకరు తోడుగ నున్నవారిని ఊరు పలుకరింపదు. భార్యాభర్తలని భ్రమించుట ఆ మూతకు పరాకాష్ఠ. కావున 1990 పిమ్మట ఆమె ఏకాకియగుట బిడ్డ పెరిగి పెద్దదై స్వేచ్ఛ లభించుటవలన మాత్రమే యనుట పాక్షికము. కుటుంబయాత్ర ఇచ్చిన ద్వారము మూతపడుటచేత, అదే ద్వారమును మఱొకరీతిని తెఱచుకొనుటకై ఆమె ఒంటరియయ్యెనని మా వాదము.

ఈ పునరాగమనమును గ్రహించుటకు మన సంప్రదాయము ఒక విధముగ సాయపడును, ఒక విధముగ అడ్డుపడును. మన పెండ్లిండ్లలో కాశీయాత్ర యను తంతు కలదు. వరుడు గొడుగు పట్టి, చేతికఱ్ఱ పూని, పాదరక్షలు తొడిగి కాశికి ఒంటరిగా బయలుదేరును. వధువు సోదరుడు ఎదురువచ్చి, బతిమాలి, గృహస్థుగ నుండుమని వెనుకకు మరల్చును. అందఱు నవ్వుదురు. ఏకాకి యాత్రకు గృహస్థాశ్రమమునకు పొత్తు కుదరదని ఆ నవ్వులో ఒక శాస్త్రమే యున్నది. గృహస్థయాత్రయైనచో సకుటుంబ సపరివార సమేతముగ. తిరిగి ఒంటరియగుటయన్న సన్న్యాసమే. సన్న్యాసి మరలిరాడు. కాశికి పోయినవాడు కాటికి పోయినవాడే యని సామెత. ఇల్లు నిలుపుకొని, బిడ్డలను ప్రేమించుచు, మూటను వీపున వేసికొని కొన్ని మాసములు ఒంటరిగ పోయి, మరల వచ్చి ఇంట దీపము పెట్టువానికి మన ఆశ్రమవ్యవస్థలో చోటు లేదు. 'ఒంటికాయ శొంఠికొమ్ము' అను ఎగతాళి మాత్రము కలదు. అట్టి పని స్త్రీ చేసినచో ఆ ఎగతాళియు మిగులదు, నింద మిగులును.

రాహుల్ సాంకృత్యాయనుడు ఈ సమస్యకు తీవ్రమైన పరిష్కారము చెప్పెను. 1945 నుండి 1947 వఱకు లెనిన్‌గ్రాడులో భార్యాపుత్రులతో నివసించి, వారిని అచ్చటనే విడిచి భారతదేశమునకు మరలివచ్చెను. పిమ్మట కొలదికాలమునకే 'ఘుమక్కడ్ శాస్త్ర' వ్రాసి, సంచారధర్మమును ప్రశంసించి, వివాహబంధమును సంచారికి సంకెలగ నిరూపించెను. టిబెట్టునకు నాలుగు పర్యాయములు పోయి అపూర్వగ్రంథములను కనుగొన్న ఆ మహాపండితునియెడ మాకు భక్తి కలదు. ఐనను ఆ శాస్త్రమును, అది వ్రాసిన సమయమును కలిపి చదివినపుడు, అందలి దార్ఢ్యము తత్త్వనిశ్చయమునకు మించినదేదో కప్పిపుచ్చుచున్నదను శంక మాకు వదలదు. మర్ఫీ శాస్త్రము వ్రాయలేదు. వ్రాయకుండుటయే మేలయ్యెను.

1989 డిసెంబరులో రుమేనియా ప్రభుత్వము కూలెను. 1990 జనవరిలోనే ఆమె ఆ దేశమునకు పోయెను. 'ట్రాన్సిల్వేనియా అండ్ బియాండ్' 1992లో వచ్చెను. అదే యేట, అఱువదవ వయస్సున, కెన్యానుండి జింబాబ్వే వఱకు సైకిలుపై సుమారు మూడువేల మైళ్ళు తిరిగెను. చింతలేని విహారముగ తలపెట్టిన యాత్ర యది. కాని ఏ ఊరిలో ఏ బల్లవద్ద కూర్చున్నను మాట ఎయిడ్స్ వ్యాధి మీదికే పోయెను. ఆ వ్యాధికి స్వాహిలీ భాషలో ఉకిమ్వి యని పేరు. గ్రంథమునకు ఆ పేరే నిలిచెను: 'ది ఉకిమ్వి రోడ్' (1993).

'ఫుల్ టిల్ట్'ను, 'ఉకిమ్వి రోడ్'ను ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి మా యభిప్రాయము సుబోధమగును. రెంటను యాత్రికురాలు ఒంటరి, రెంటను వాహనము సైకిలు. ఐనను మొదటిదానిలో దారి చెప్పును, మనుష్యులు విందురు. రెండవదానిలో మనుష్యులు చెప్పుదురు, యాత్రికురాలు వినును. శరీరకష్టములు ఇచ్చటను కలవు. వానిమీద ఉల్లాసము తగ్గినది. తన దేహమే కథానాయికగానుండు దశ గడచిపోయినది. భర్త మరణించిన స్త్రీలు, తలిదండ్రులు పోయిన పిల్లలను సాకు అవ్వలు, మాట దాచుకొను యువకులు, కోపించు ఉపాధ్యాయులు వరుసగ వచ్చి కూర్చుందురు. ఇట్లు వినుట ఆమె ఎచ్చట అభ్యసించెను? కొడగులోని వంటయింట, బాల్టిస్తానపు పొయ్యిప్రక్కన అని మేము చెప్పుదుము. పదునైదేండ్లు బిడ్డ మధ్యవర్తినిగ నిలిచి జరిపించిన పరిచయమును, ఇప్పుడు బిడ్డ లేకుండ తానే జరుపుకొనుచున్నది. ఈ రెండవ ఏకాంతమున బిడ్డ కనబడదు గాని, బిడ్డ చేసిన పని కనబడును.

దీనికి ఒక ఆక్షేపణము రావచ్చును. ఆమె లోకవ్యవహారమునకు మరలుట 1990లో మొదలైనది కాదు. ఉత్తర ఐర్లండులో సైకిలుపై తిరిగి ఉభయమతస్థులతోను మాటలాడి వ్రాసిన 'ఎ ప్లేస్ అపార్ట్' 1978 నాటిది. అణుశక్తిని గూర్చిన గ్రంథము 1981 నాటిది. ఆ సంవత్సరములలో కుమార్తె ఇంకను చిన్నది. కావున వినుట యనునది కుటుంబయాత్రల ఫలము కాదు, రచయిత్రి స్వభావపరిణామము అనవచ్చును. ఈ యాక్షేపణము బలమైనదే. ఐతే ఆ దశాబ్దమున ఆమె రచన రెండు పాయలుగ పాఱెను. బిడ్డతో దూరదేశయాత్రలు ఒక పాయ. ఇంటికి దగ్గఱగ ఒంటరిగ చేసిన రాజకీయవిచారణ మఱొక పాయ. మొదటి పాయలో ఆత్మీయత యున్నది, వాదము తక్కువ. రెండవ పాయలో వాదమున్నది. 1990 తరువాత ఈ రెండును కలిసిపోయినవి. కలిసినచోట్ల 'ఉకిమ్వి రోడ్' వంటి ఉత్తమగ్రంథము పుట్టెను. కలిసి మొదటిది రెండవదానిలో మునిగిపోయినచోట్ల గ్రంథము బరువెక్కెను. దక్షిణాఫ్రికాను గూర్చిన 'సౌత్ ఫ్రం ది లింపోపో' (1997) యందు దేశచరిత్రము, పత్రికావార్తలు, ప్రభుత్వవ్యవహారములు పేరుకొని, అనేక పుటలలో యాత్రికురాలి అడుగు చప్పుడు వినబడదు. ప్రక్కన నడచుచు, విసిగి, ఆకలియగుచున్నదని కొంగు పట్టి లాగువారు లేకపోవుటచేత వచ్చిన దోషమిది. ఏకాంతమునకు ఇట్టి వెలయు కలదు.

ఈ వాదమును పరీక్షించుటకు రచయిత్రియే ఒక గ్రంథమును సమకూర్చిపెట్టెను. 2005 శీతకాలమున, డెబ్బదినాలుగేండ్ల వయస్సున, ఆమె తన కుమార్తెతోను ముగ్గురు మనుమరాండ్రతోను క్యూబా ద్వీపమునకు పోయెను. మూడు తరములవారు ఒక్క యాత్రలో నడచిరి. పిమ్మట 2006లోను, 2007లోను అదే ద్వీపమునకు ఒంటరిగ మరలిపోయెను. ఈ యాత్రలన్నియు ఒకే సంపుటముగ, 'ది ఐలండ్ దట్ డేర్డ్' అను పేర 2008లో వెలువడెను. కుటుంబయాత్రయు, ఏకాకి పునర్యాత్రయు ఒకే దేశమున, ఒకే అట్టల నడుమ లభించుట విమర్శకునికి పండుగవంటిది.

మొదటి భాగమున పిల్లల ఆకలి, ఎండ, స్నానము, బస్సుకొఱకు ఎదురుచూపు, వరుసలో నిలుచుట మొదలైనవి కథను నడపును. పిల్లలకు తినుబండారము కావలెనన్నపుడు దుకాణపు వ్యవస్థ తెలియును. బండి కావలెనన్నపుడు ఇంధనపు కొఱత తెలియును. ఈ విధముగ సోషలిస్టు దేశపు దైనందినజీవితము సిద్ధాంతమునకు ముందే చేతికి తగులును. రెండవ భాగమున ఆమె మరలివచ్చి, మొదటిసారి మిగిలిపోయిన ప్రశ్నలను అడుగును: విప్లవము ఏమి సాధించెను, అమెరికా విధించిన వాణిజ్యనిషేధము ఎంత నష్టము చేసెను, రాబోవు దినములెట్టివి. ఆ యంశములపై ఆమె పక్షపాతము దాచుకొనదు. రచనగ మొదటి భాగము మేలు. విచారముగ రెండవ భాగము మేలు. కాని ఆ రెండవ భాగపు ప్రశ్నలను పుట్టించినది మొదటి భాగమే. కుటుంబముతో పోయినపుడు అడుగుటకు తీరిక లేకపోయిన వానిని అడుగుటకై ఆమె ఏకాకియై మరలెను. అనగా ఇచ్చట ఏకాంతము కుటుంబమునకు ప్రతిపక్షము కాక, దానికి వ్యాఖ్యానమగుచున్నది. మూలమును విడిచి వ్యాఖ్యానము నిలువదు; వ్యాఖ్యానము లేక మూలము పూర్తిగ తెలియదు. కుటుంబయాత్ర ముగియగానే తన 'నిజమైన' యాత్ర మొదలిడినదని ఆమె ఎచ్చటను గొప్పలు చెప్పుకొనలేదు.

ఇప్పుడు మన వీరాస్వామయ్యను మరల తలచుకొందము. 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మరలివచ్చిన ఆ యాత్రను గూర్చి మన విద్యార్థులు, ఇంత పరివారము లేకున్న ఆయన ఇంకెంత చూచియుండెడివాడో యని వాపోవుదురు. 1838లో శ్రీనివాసపిళ్ళ అచ్చువేయించిన ఆ గ్రంథమును తెఱచి చూడుడు. ప్రతి మజిలీయందును నీళ్ళున్నవా, అంగళ్ళున్నవా, సామానులు దొరకునా, డేరాలు వేయుటకు చెట్లనీడ యున్నదా, ఏరు ఎట్లు దాటవలెను అని ఆయన వ్రాసెను. నూరుమందిని తిండిపెట్టి నడిపింపవలసినవాడు కనుకనే వ్రాసెను. చరిత్రకారులు నేడు ఆ గ్రంథమునుండి గ్రహించు సరకులో అధికభాగము ఆ బాధ్యతవలన కలిగినదే. ఆయన ఒంటరిగ పోయినచో మనకు మఱొక క్షేత్రమాహాత్మ్యము మిగిలియుండెడిది. అట్లని పరివారము అన్నింటికి మేలని మేము చెప్పుటలేదు. పరివారముతో పోయినవాడు మాటలాడించినవారెక్కువగ అధికారులు, అంగడివారు, అర్చకులు. పొయ్యిప్రక్కన కూర్చుండువారు ఆయనకు తటస్థపడలేదు.

పరిశోధనకు దిగు విద్యార్థులకు మఱొక విషయము సూచింపవలసియున్నది. మర్ఫీ కుటుంబయాత్రలు నాలుగైదు గ్రంథములైనను, వానిలో బిడ్డ మాటలు మనకు ప్రధానముగ తల్లి లేఖినిద్వారమున వచ్చినవి. మంచులో గుఱ్ఱముపై కూర్చున్న ఆ బాలిక ఏమి తలచెనో తల్లి వ్రాసినంత మేరకే మనకు తెలియును. 'కాశీయాత్రచరిత్ర'లోను పరివారమందలి స్త్రీలు, బోయీలు, వంటవారు పదునైదు మాసములు నడచిరి. వారు ఏమి చూచిరో, ఎచ్చట అలసిరో, కాశి చేరినపుడు ఏమనుకొనిరో యజమాని జాబులలో వెదకికొనవలసినదే.